నలుగురు పుట్టారు, ఒకడున్నాడు

మా మామయ్య ఫెస్టస్‌కి ఎనభై నాలుగో ఏట గుండె కాస్త లయ తప్పింది. గాల్వే పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ, "మీ నాన్నగారి వైపు ఎవరికైనా గుండెజబ్బు ఉండేదా?" అని అడిగితే "తెలీదమ్మా" అన్నాడు మామయ్య. తిరిగొచ్చేటప్పుడు కారులో నన్ను పట్టుకున్నాడు.

"డెలియా, లైబ్రరీకి వచ్చిన ప్రతివాడికీ వాడి తాతముత్తాతల్ని వెతికి పెడతావు కదా. మనవాళ్ళేం పాపం చేశారే?"

నిజమే. పదిహేనేళ్ళుగా నా ఉద్యోగంలో సగం అదే. ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాళ్ళకి కూడా 1901, 1911 జనాభా లెక్కలు తీసి, ఇదిగో మీ ఇల్లు, వీళ్ళే మీవాళ్ళు అని చూపించాను. మా అమ్మ పుట్టింటి పేరు మాత్రం ఒక్కసారీ వెతకలేదు. మాకు తెలియనిదేముంది? ముత్తాత బార్ట్లీ ముల్కెరిన్, ఆయన భార్య హోనర్, వాళ్ళకి ఒక్కగానొక్క కొడుకు మార్టిన్. ఆ మార్టిన్ పిల్లలే ఫెస్టస్ మామయ్య, మా అమ్మ బైబిన్.

మర్నాడు లైబ్రరీలో తీరిక దొరికినప్పుడు కంప్యూటర్‌లో 1911 జాబితా తెరిచాను. టైపు చేసిన పట్టిక అది. బార్ట్లీ ముల్కెరిన్, నలభై అయిదేళ్ళు, ఇంటి యజమాని. హోనర్, నలభై, భార్య. మూడో వరుస దగ్గర నా వేలు ఆగిపోయింది.

మార్టిన్ టూల్. నాలుగేళ్ళు. పెంపకానికి ఉంచిన బిడ్డ. పుట్టింది గాల్వే పట్నం.

ఆ మాటకి అర్థం నాకు బాగా తెలుసు. ఆ రోజుల్లో పట్నంలో పేదల ఆశ్రమంలో దిక్కులేని పసిపిల్లల్ని పల్లెల్లో ఇళ్ళకి పెంపకానికి ఇచ్చేవారు. అలాంటి వరుసలు వేరేవాళ్ళకి ఎన్నోసార్లు చదివి వినిపించాను, గొంతు తడబడకుండా. దీన్ని మాత్రం కాగితం మీద అచ్చు తీసి, నాలుగు రోజులు సంచిలో పెట్టుకు తిరిగాను.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మామయ్య వంటింట్లో ముగ్గురం టీకి కూర్చున్నాం. అమ్మ సోడా రొట్టె కోస్తోంది. ఇంక దాచలేక చెప్పేశాను.

అమ్మ చేతిలో కత్తి ఆగింది. "ఆ కాగితం పొయ్యిలో పడెయ్."

"ఇది పడేస్తే లైబ్రరీలో ఉన్నదో?" అన్నాడు మామయ్య. "లైబ్రరీ తగలబెడతావేంటే?"

"నవ్వులాట కాదన్నయ్యా. రేపు ఊళ్ళో తెలిస్తే? ముల్కెరిన్లు ముల్కెరిన్లే కాదట అని కొట్టు దగ్గర చెప్పుకోరూ? అయినా ఆశ్రమం నుంచి పిల్లాణ్ణి ఎందుకు తెచ్చుకుంటారు? ఆవుల్ని కాయడానికి, ఒడ్డు నుంచి పొలానికి నాచు మొయ్యడానికి. పనికే అయ్యుంటుంది."

ఆ మాట మామయ్యకి ఎక్కడో తగిలింది. టీ కప్పు అలాగే వదిలేసి లేచాడు. తలుపు దగ్గర ఆగి, "డాక్టరమ్మకి చెప్పు, ఈ గుండె ఎవరిదో ఇంక తెలీదని," అని రేవు వైపు వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే బోర్లించిన పడవ మీద మాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. అమ్మ వెళ్ళి కోటు కప్పి వచ్చింది.

మంగళవారం పొద్దున్న లైబ్రరీ తలుపులు తీసేసరికి మామయ్య మెట్ల మీద ఉన్నాడు. బస్సులో వచ్చాడు. ఆయన లైబ్రరీలోకి రావడం అదే మొదటిసారి. టోపీ తీసి చేత్తో పట్టుకుని చర్చిలోకి వచ్చినట్టు వచ్చాడు.

"ఆ లెక్క తాత రాసిందేనంటావా?"

"ఇంటి యజమానే రాసి సంతకం పెట్టాలి మామయ్యా. తర్వాత పోలీసాయన ఇంటింటికీ తిరిగి, సరిచూసి తీసుకెళ్ళేవాడు."

"అయితే ఆయన చేతిరాత చూపించు. ఆ ఇంట్లో మా నాన్న జీతగాడో ఏంటో, అచ్చులో చూస్తే నాకు తెలీదు. రాతలో చూస్తా."

సిగ్గుపడ్డాను. అసలు కాగితం ఫొటో పక్క పేజీలోనే ఉంది. పట్టిక చూసి బెంబేలెత్తి దాన్ని తెరవనే లేదు. ఇప్పుడు తెరిచి అక్షరాలు పెద్దవి చేశాను. మామయ్య కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగాడు.

ఆ కాగితం మీద రెండు చేతుల రాత ఉంది. ఒకటి లావుగా, ఒత్తి ఒత్తి రాసిన బార్ట్లీ తాత రాత. ఇంకొకటి సన్నని కలంతో ఆ పోలీసాయన దిద్దింది. మూడో వరుసలో తాత రాసింది "మార్టిన్ ముల్కెరిన్". పోలీసాయన ముల్కెరిన్ కొట్టేసి పైన "టూల్" అని రాశాడు. యజమానికి ఏమవుతాడన్న గడిలో తాత రాసింది "కొడుకు". దాన్ని కొట్టేసి "పెంపకానికి ఉంచిన బిడ్డ" అని దిద్దాడు. టైపు చేసినవాళ్ళు దిద్దుబాటు మాత్రమే ఎత్తి రాశారు.

హోనర్ వరుసలో ఇంకో గడి ఉంది. ఎందరు పిల్లలు పుట్టారు, ఇప్పుడు ఎందరున్నారు అని. పుట్టినవారు నలుగురు అని తాత రాశాడు. ఉన్నవారు ఒకరు. ఆ "ఒకరు" మీద సన్నగా ఒక గీత. పక్కన సున్నా.

మామయ్య ఆ గీతని చూశాడు. చూపు మూడో వరుసకి దించి, "కొడుకనే రాశాడే," అన్నాడు.

"అవును మామయ్యా."

"పోలీసోడి ముందు కొడుకని రాశాడు." ఆయన నా వైపు తిరిగాడు. "మరి ఆ నలుగురు ఎవరు?"

1901 కాగితం తీశాను. అందులో బార్ట్లీ, హోనర్ కింద ఇద్దరు పిల్లలున్నారు. సబీనా, నాలుగేళ్ళు. కోల్మన్, ఏడాది. మిగిలిన ఇద్దరూ ఆ తర్వాత పుట్టి, తర్వాతి లెక్కలోపే పోయుంటారు. వాళ్ళ పేర్లు ఏ లెక్కలోనూ పడలేదు.

కోల్మన్ పేరు వినగానే మామయ్య కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"నానమ్మ పోయేటప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. నన్ను ఒక్కోసారి కోల్మన్ అని పిలిచేది. 'నానమ్మా, నేను ఫెస్టీని' అనేవాణ్ణి కోపంగా. 'అవునురా నాయనా, నువ్వు ఫెస్టీవే' అని బుగ్గ నిమిరేది. ముసలిదైపోయింది, మతి పోయింది అనుకునేవాళ్ళం." ఆయన కళ్ళజోడు తీసేశాడు. "దాని మతికేం కాలేదే, డెలియా."

ఆ సాయంత్రం నేనే ఆయన్ని ఇంటికి దింపి, అమ్మకి ఆ రెండు కాగితాలూ చూపించాను. అమ్మ చదివింది. కొట్టేసిన "కొడుకు" మీద వేలు పెట్టి, "ఎంత పొగరు ఆ పోలీసోడికి!" అంది.

"వాడి పని వాడు చేశాడమ్మా."

"చేశాడులే. ఈ గడిలో సున్నా వేసేటప్పుడు నానమ్మ ఆ గదిలోనే ఉందో లేదో?"

అమ్మ కాగితాల్ని మడవకుండా తీసుకెళ్ళి బీరువాలో పెట్టుకుంది. ఊళ్ళో మాత్రం ఎవరికీ చెప్పకూడదని మాచేత ఒట్టు వేయించుకుంది.

మా ఊళ్ళో నవంబరులో పోయినవాళ్ళ పేర్లు కాగితం మీద రాసి ఫాదర్‌కి ఇస్తాం. పూజలో ఆయన అన్నీ చదువుతాడు. మా ఇంటి కాగితం ఎప్పుడూ అమ్మే రాస్తుంది. ఆ ఏడాది కూడా రాసింది, కవరు అంటించింది, నాకు చూపించలేదు.

చలి కొరుకుతున్న ఆదివారం. ఫాదర్ మా కాగితం విప్పాడు. "బార్ట్లీ ముల్కెరిన్, హోనర్ ముల్కెరిన్, వారి పిల్లలు సబీనా, కోల్మన్, పేరు తెలియని మరో ఇద్దరు, మార్టిన్." అక్కడ కాస్త ఆగి, కాగితం దగ్గరికి తెచ్చుకుని చదివాడు. "మార్టిన్‌ని కన్న తల్లి, టూల్ ఇంటి ఆడబిడ్డ."

ముందు వరుసల్లో రెండు మూడు తలలు తిరిగాయి. అమ్మ ఎవరివైపూ చూడలేదు. మామయ్య మాత్రం చెల్లెలి మోచెయ్యి పట్టుకుని పూజ అయ్యేదాకా వదల్లేదు.

బయట తొంభై మూడేళ్ళ విన్నీ ఫోలన్ కర్ర ఊతతో మా దారికి అడ్డం వచ్చింది. అమ్మ మొహంలో రంగు పోయింది.

"ఆ పేర్లు ఇన్నాళ్ళకి చదివించారన్నమాట," అంది విన్నీ.

"నీకెలా తెలుసు?" అన్నాడు మామయ్య.

"తెలీకపోవడమేంట్రా? మీ నాన్న, మా అమ్మ బళ్ళో ఒకే బల్ల. పిల్లాణ్ణి బార్ట్లీ భుజాల మీద ఎక్కించుకుని తీసుకొచ్చిన రోజు రేవు దగ్గర అందరూ చూశారట. హోనర్ నాలుగేళ్ళుగా గుమ్మం దాటలేదట, ఆ రోజు రోడ్డు మీదకి పరుగెత్తుకొచ్చిందట. ఇంటికెళ్ళాక మా అమ్మమ్మ పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పింది, ఆ పిల్లాణ్ణి ఎవరైనా ఏమన్నా అన్నారంటే చర్మం ఒలిచేస్తానని. ప్రతి ఇంట్లోనూ అదే చెప్పారు. అంతే. ఎవరూ అనలేదు."

"అంటే ఊరంతటికీ తెలుసా?" అంది అమ్మ.

"ముసలాళ్ళందరికీ తెలుసు."

"డెబ్బై తొమ్మిదేళ్ళుగా నాకొక్కదానికే తెలీదన్నమాట! ఊళ్ళో తెలిసిపోతుందని నేను ఆరు నెలలుగా నిద్ర మానేశాను!"

మామయ్య పగలబడి నవ్వాడు. డాక్టరమ్మ చూస్తే వద్దనేంత గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే విన్నీ చెయ్యి పట్టుకున్నాడు.

"విన్నీ, మా ఇంటికి రా, టీ తాగుదువుగాని. బళ్ళో మా నాన్న ఎలా ఉండేవాడో మీ అమ్మ ఏమైనా చెప్పిందా?"

"చెప్పకేం? లెక్కల్లో మొద్దు, పాటలో మేటి," అంది విన్నీ, కారు ఎక్కుతూ.