అరవై వేల గొప్ప

నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా ఆత్రేయపురంలో ఎవరికి అర్జీ కావాలన్నా మా అరుగు మీదికే వస్తారు. కాఫీ ఇస్తాను, అర్జీ రాసిస్తాను, తప్పుడు లెక్క చెబితే మాత్రం చీవాట్లు పెడతాను. హన్నా టీచరు నోరు మంచిది కాదని ఊళ్ళో పేరుంది. అందులో అబద్ధమేమీ లేదు.

జూన్‌లో ఓ మధ్యాహ్నం గాయత్రి వచ్చింది. పూతరేకులు చుట్టి అమ్ముకునే పిల్ల. మొగుడు వీరబాబు మస్కట్‌లో వ్యాను నడుపుతాడు. ఫోను నా చేతిలో పెట్టి ఏడుపు మొదలెట్టింది.

పెళ్ళివారి ఆర్డరుకి నెయ్యి కొనాలని, ఫోన్లో అప్పిచ్చే ఓ కంపెనీ దగ్గర వారం గడువుతో పదివేలు తీసుకుందట. ఫీజులు కోసుకుని వాళ్ళు చేతికిచ్చింది ఏడు వేలు. పెళ్ళివారు డబ్బు ఆలస్యం చేశారు. ఆ అప్పు తీర్చడానికి అక్కడే ఇంకో అప్పు, దానికోసం మరోటి. అలా నాలుగుసార్లు తీసుకుని, చివరికి పెళ్ళివారి డబ్బొచ్చాక తీర్చేసరికి ఫీజుల కిందే పన్నెండు వేలు పోయింది.

"అది వెనక్కొస్తే గానీ శ్రావణమాసం ఆర్డర్లు ఒప్పుకోలేనండీ. నెయ్యికి చేతిలో పైసా లేదండీ," అంది.

"తీర్చలేనివాళ్ళకి అప్పు అంటగట్టకూడదమ్మాయ్. ఆదాయం చూసుకునే ఇవ్వాలి. అడుగుదాం," అన్నాను.

మంచి ఊపు మీద కంపెనీకి అర్జీ రాశాను. పదో రోజున జవాబొచ్చింది. మీ ఇంటి నెలసరి ఆదాయం అరవై వేలని మీరే నింపారు, కాదంటే ఆదాయ ధ్రువపత్రం పంపండి అని.

"అరవై వేలని ఎవరు రాయమన్నారే నిన్ను?"

"ఎవరడిగినా అత్తయ్య గారు అలాగే చెబుతారు కదండీ. ఫోను అడిగినా అదే రాసేసేనండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. వీరబాబు పంపేది పధ్నాలుగు వేలు. అరవై అన్నది గాయత్రి అత్తగారు అచ్చమ్మ గారి సొంత సృష్టి. ఆరేళ్ళ కిందట ఎదురింటి ముత్యాలు గారు, మావాడు దుబాయ్ నుంచి యాభై పంపుతున్నాడని అన్నారు. ఈవిడ అరవై అన్నారు. ఆవిడ డెబ్భైకి వెళ్ళారు. ఇంకా పెంచితే ఎవరూ నమ్మరని ఈవిడ అక్కడితో ఆగారు. ఇద్దరిళ్ళలోనూ బియ్యం కార్డులున్నాయి. ఆ మాట మాత్రం ఇద్దరూ ఎత్తరు.

ఇప్పుడు ధ్రువపత్రం కావాలంటే, కార్డు ఎవరి పేరున ఉందో ఆవిడే సచివాలయానికొచ్చి నిజం చెప్పాలి. అంటే అచ్చమ్మ గారే.

ఆదివారం చర్చి నుంచి వస్తూ నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ బోర్లించిన కుండ ముందు కూర్చుని రేకు తీస్తున్నారు. అంతా విన్నారు. కోడల్ని ఒక్క మాట అనలేదు.

"నలుగురిలో పధ్నాలుగని చెప్పాలాండీ?"

"ఆయ్."

"పోనీ పాతికని రాయించండి, టీచరు గారూ."

"ఇదేమైనా చేపల బేరమాండీ? మీ గొప్పకి ఆ పిల్ల ఇప్పటికే పన్నెండు వేలు కట్టింది. ఇంకా ఎంత కట్టాలి?"

అనకూడనంత గట్టిగా అన్నాను. ఆవిడ చేతిలో రేకు చిరిగిపోయింది. నాకే బాధేసింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

సోమవారం అచ్చమ్మ గారు పెళ్ళిళ్ళకి కట్టే పట్టుచీరలో బయల్దేరారు.

"లేదని చెప్పుకోడానికి పట్టుచీరేమిటండీ?"

"అడుక్కోడానికి వెళ్ళటం లేదు కదండీ," అన్నారావిడ.

తీరా సచివాలయంలో వరసలో నిలబడితే, మా వెనకే ముత్యాలు గారు! "రేపొద్దామండీ," అని గాయత్రి నా కొంగు లాగింది. ఇంతలో కౌంటర్లోని క్రాంతికుమార్, నా పాత శిష్యుడే, పిలవనే పిలిచాడు.

"సర్టిఫికెట్టు దేనికండీ, మామ్మ గారూ?"

"మా కోడలు ఫోన్లో అప్పు తీసుకుందండీ. వాళ్ళు లాగేసిన డబ్బు వెనక్కి రాబట్టడానికండీ."

"ఇంటికి నెలకెంతొస్తుందండీ?"

అచ్చమ్మ గారు వెనక్కి ఓసారి చూశారు. ముత్యాలు గారు చెవులు రిక్కించారు.

"మావాడు పంపేది పధ్నాలుగు వేలండీ. కోడలు రేకుల మీద తెచ్చేది ఐదు," అన్నారు, గుమ్మం దాకా వినబడేలా. "అరవై అని ఎవరైనా అంటే నమ్మకండి. అది నేనే పుట్టించేను."

ఎవరూ నవ్వలేదు. ముత్యాలు గారు ముందుకొచ్చారు. ఆవిడ ఏమన్నా అంటే కడిగేద్దామని నేను సిద్ధంగా ఉన్నాను.

ఆవిడ గొంతు తగ్గించారు. "అచ్చమ్మ గారూ, ఆ అర్జీ మా కోడలు రమ్యశ్రీకి కూడా రాయించి పెడతారాండీ? అదీ అలాగే ఫోన్లో అప్పు తీసుకుందండీ, రెండు నెలల్నుంచి కట్టమని ఒకటే ఫోన్లు."

"మీకెందుకండీ? మీవాడు డెబ్భై పంపుతాడు కదా!"

"మీవాడు అరవై పంపినట్టేనండీ."

అచ్చమ్మ గారు పక్కకి జరిగి, ముత్యాలు గారి చెయ్యి పట్టుకుని కౌంటరు ముందుకి తెచ్చి నిలబెట్టారు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆషాఢం వెళ్ళేలోపు కంపెనీ తొమ్మిది వేలు వెనక్కి వేసింది. గాయత్రి నెయ్యి కొనుక్కుంది. మిగతా మూడు వేలకి రెండో అర్జీ పెట్టాను, వదిలేది లేదు.

అత్తగార్లిద్దరూ మాత్రం ఇప్పుడు ఎదురెదురు అరుగుల మీద కూర్చుని, ఎవరి కొడుకు తక్కువ పంపుతాడా అని పోటీ పడుతున్నారు. నిన్నటికి ముత్యాలు గారు ఎనిమిది వేలకి దిగారు. అదీ నేను నమ్మలేదు.