ఖాళీ పంచనామా

జనార్దన్ శవం మరమగ్గాల షెడ్డు ముందు ఎండలోనే ఉంది. చావుకు కారణం మాత్రం పోలీసు జమేదారు అప్పుడే రాసేశాడు: భార్యతో గొడవపడి ఆత్మహత్య.

అతని భార్య రాజమణికి చదువు రాదు. చదివి వినిపించమంటే విసుక్కుంటూ చదివాడు. గొడవా! కూలి పెంచమన్న పాపానికి సేటు నూలు ఆపేసి నెల దాటింది. ఆగిన సాంచె మగ్గం దగ్గర రోజూ ఊరికే కూర్చుని వచ్చేవాడు మనిషి. నిన్న ఉన్న గంజి పిల్లలకు పోసి, తనకు ఆకలి లేదన్నాడు. ఆమె నమ్మింది. అదీ ఆమె చేసిన గొడవ!

"ఏలిముద్ర ఎయ్యి. లేకుంటే పొద్దుగూకినా శవం రాదు" అన్నాడు జమేదారు.

"సేటు నూలు ఆపిండు, పని లేక సచ్చిపోయిండు. గదే రాయి సారూ."

"గవన్నీ రాస్తరా? గీ సావుల లెక్క ఢిల్లీ దాంక పోతది."

"పోనీ. మేం ఎందుకు సస్తున్నమో ఆళ్లకు ఎర్క కావద్దా?"

సిరిసిల్ల నేతవాడలో ఎవరు ఇలా పోయినా సాక్షులుగా అయిదుగురు పంచులు ముందే ఖాళీ కాగితం మీద సంతకాలు పెట్టేవారు. శవం తొందరగా ఇస్తారని ఆశ. ఇవాళా పెట్టారు. అందులో మొదటి సంతకం కులపెద్ద బాలయ్యది.

గుంపులోంచి దేవమ్మ వచ్చింది. పోయిన ఎండాకాలం ఆమె భర్త కూడా ఇలాగే పోయాడు. "బాలయ్య మామా, మా ఆయన కాగితంల ఏం రాసిండ్రే?"

బాలయ్య తలెత్తలేదు. "తాగుబోతని రాసిండ్రట బిడ్డా. సూడకుండనే సంతకం పెట్టిన."

"కల్లు ముట్టని మనిషినే మామా!" దేవమ్మ నెత్తి కొట్టుకుంది.

ముసలి బాలయ్య ఇక ఆగలేకపోయాడు. జమేదారు చేతిలోని కాగితం లాక్కుని పరపరా చింపేశాడు.

"అడవిల అన్నలు నేర్పిండ్రా గిది?" జమేదారు ఆయన మెడ పట్టి జీపులోకి తోశాడు.

"ఖాళీ కాగితం మీద ఎవ్వలు సంతకం పెట్టొద్దు!" జీపులోంచే అరిచాడు బాలయ్య.

రాజమణి వెళ్ళి జీపు ముందు బైఠాయించింది. ఏడుపు ఆగడం లేదు, అయినా లేవలేదు. పక్కనే దేవమ్మ కూర్చుంది.

"శవాన్ని ఎత్తరా?" గద్దించాడు జమేదారు.

"ఎత్తం. పెద్దమనిషిని దింపు. మా ఆయనది నిజం రాయి. గదయినంక దేవమ్మ మొగనిది మార్చి రాయి."

గుంపులోంచి మరో ఆడమనిషి వచ్చి, చచ్చిపోయిన తన మొగుడి పేరు గట్టిగా చెప్పి, రోడ్డు మీద కూర్చుంది. ఆమె వెనక ఇంకొకామె వచ్చింది.