పాచి తినే చేపకి పస్తులు

పగలంతా కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీయడం ఆమె పని. ఇంటికొస్తే మళ్లీ అద్దమే. హాల్లో సోఫాకి ఎదురుగా ఉప్పునీళ్ల చేపల తొట్టె ఉంది. దానికి రెండు రోజులకోసారి పాచి పడుతుంది. చేతిలో గీకుడుబిళ్ల పట్టుకుని, పీకే కాళ్లమీద నిలబడి, ఆమె ఆ పాచి గీకుతుంది. గీకిన చోటే మళ్లీ పడుతుంది. అడ్డమైన చాకిరీ అంటే ఏమిటో ఎవరికైనా తెలియకపోతే వచ్చి ఆ తొట్టె ముందు ఒక వారం నిలబడితే చాలు.

ఆ తొట్టె ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. భర్త లిఫ్ట్ మెకానిక్. గుండె ఆపరేషనయ్యి ఇంటికొచ్చినప్పుడు తోటి మెకానిక్‌లంతా కలిసి తెచ్చి పెట్టారు. చేపల్ని చూస్తూ కూర్చుంటే మనసు కుదుటపడుతుందన్నారు. మంచివాళ్లే, కాదనడానికి లేదు. కానీ చూస్తూ కూర్చునేది ఒకరైతే నీళ్లు మార్చేదీ, ఉప్పు కలిపేదీ, గీకేదీ ఇంకొకరవుతారన్న ఆలోచన ఆ మహానుభావుల్లో ఒక్కడికీ రాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గాయం మానింది. చిన్న చిన్న పనులు చేసుకోవచ్చు, నడవాలి కూడా అన్నాడు డాక్టరు. ఆయన మాత్రం సోఫా వదల్లేదు. పెడితే తింటాడు, అడిగితే ఊ అంటాడు. ఆమె అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "ఆయన్ని పల్లెత్తు మాట అనకే. గుండెజబ్బు మనిషి." అందుకని ఆమె నోరు కట్టేసుకుంది. ఒకప్పుడు తడి తువ్వాలు మంచంమీద పడేస్తే ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఇప్పుడు కిక్కురుమనకుండా తీసి ఆరేస్తోంది. ఆయన లేవాలి, మళ్లీ తన పక్కన నిలబడే మనిషి కావాలి. ఆమెకి కావలసింది అంతే. అదొక్కటే జరగడం లేదు.

ఆ తొట్టె పనైనా తగ్గుతుందేమోనని ఒక సాయంత్రం చేపల షాపుకి వెళ్లింది.

"పాచి తినే చేపేదైనా ఉందా బాబూ? నావల్ల కావట్లేదు."

షాపతను నవ్వాడు. "బ్లెన్నీ అనే చేపుంది, తీసుకెళ్లండమ్మా. పొద్దున్నించీ సాయంత్రం దాకా రాళ్లు గీక్కుంటూ తిరుగుతుంది. ఒక్కటే పెట్టండి, రెండుంటే కొట్టుకుంటాయి."

అతను చూపించిన తొట్టెల్లో అలాంటివి నాలుగైదు ఉన్నాయి. వేలెడంత చేప. గోధుమరంగు మచ్చలు, నెత్తిమీద రెండు వెంట్రుకల్లాంటివి, గుడ్లు మిటకరించే చూపు. ముందు రెక్కలమీద మోచేతులు ఆనించుకున్నట్టు రాతిమీద కూర్చుంటుంది. పొద్దున్నే పేపరు పట్టుకుని అరుగుమీద కూర్చున్న రిటైర్డ్ హెడ్‌మాస్టరు మొహం అనుకుంది ఆమె. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

"అందాన్ని చూసి తీసుకోకండి. పొట్ట చూడండి," అన్నాడు షాపతను. "లోపలికి పీక్కుపోయిందంటే తిండి మానేసిందని. అది ఇక కోలుకోదు. అదిగో, ఆ మూలది చూడండి, అద్దంమీద మూతిముద్రలెలా వేస్తోందో. గుండ్రంగా ఉంది. అదైతే తినే చేప."

ఆమె ఆ మూలదాన్నే ఎంచుకుంది. ఆదివారం వచ్చి తీసుకెళ్తానని చెప్పి ఇంటికొచ్చి, భర్త ఎదురుగా చతికిలబడి, "ఆదివారం కొత్త చేప వస్తోందండీ. పాచి తింటుందట," అంది. ఆయన ఊ అన్నాడు. ఊ అన్నాక తొట్టెవైపు కాస్త ఎక్కువసేపు చూశాడు. ఆమె అప్పుడది పట్టించుకోలేదు.

ఆదివారం ఆమె సంచిలో చేపతో తలుపు తీసేసరికి హాలంతా ఉప్పు వాసన. నేలంతా తడి. భర్త చొక్కా చేతులు పైకి మడిచి, పాత టూత్‌బ్రష్ పట్టుకుని, తొట్టె పక్కన నిలబడి ఉన్నాడు. మొహాన చెమట. లోపలి రాళ్లు ఒక్కొక్కటి తీసి, బకెట్లో తొట్టె నీళ్లే పోసుకుని తోమి మళ్లీ పేర్చాడు. తెల్లగా, కడిగిన పింగాణీలా ఉన్నాయి. అద్దంమీద ఆకుపచ్చ చుక్క లేదు. వెతికినా లేదు.

"చుట్టం వస్తుంటే ఇల్లు అలా ఉంచుతామా," అన్నాడాయన ఆయాసంగా. "అయినా అంత పాచి ఒక్క చేప ఏం తింటుంది పాపం. దాని పని కాస్త తగ్గిద్దామని."

ఆ చేప తినేది ఆ పాచినే, అది తప్ప ఇంకేమీ ఎరగదు అని చెప్పాలి. కానీ ఎన్ని నెలలకి లేచాడీ మనిషి. సోఫాలోంచి తనంతట తాను లేచి, చేతులు తడుపుకుని, ఒకరి పని తగ్గిద్దామనుకున్నాడు. ఇప్పుడు తప్పు చేశారని అంటే మళ్లీ ఆ సోఫాలో పడి లేవడని భయమేసింది.

"బాగుందండీ," అంది.

ఆ ఒక్క మాటకి తర్వాత ఆమె పడిన అవస్థ ఇంతా అంతా కాదు. ఆయనకి హుషారొచ్చేసింది. పొద్దున లేస్తూనే బ్రష్ పట్టుకుని, రాత్రికి రాత్రి ఎక్కడ పచ్చటి పొర పుడితే అక్కడ తోమేసేవాడు. చేప ఆ తెల్లటి రాళ్లమీద మూతి పెట్టి, ఏమీ దొరక్క, వెళ్లి మూల కూర్చునేది. పొట్ట రోజురోజుకీ లోపలికి పోతోంది. ఆమె షాపులో అద్దాలు పట్టుకున్నా ఆ పొట్టే కళ్లకి కనబడేది.

చేపల షాపతనికి ఫోన్ చేస్తే, "ఎండబెట్టిన సముద్రపు నాచు రేకులుంటాయమ్మా, చిన్న ముక్క రాయికి రబ్బరుబ్యాండుతో కట్టి పెట్టండి. ఊరికే నీళ్లలో వేస్తే ముట్టదు, దానికి గీకి తినడమే అలవాటు. ఇంకో రాయి ఉప్పునీళ్ల సీసాలో వేసి ఎండలో పెట్టండి, పాచి పడుతుంది," అన్నాడు. దాంతో ఆమెకి ఇంకో చాకిరీ మొదలైంది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు దొంగలా రాయికి నాచు కట్టడం, ఆయన వచ్చేలోగా తీసి దాచడం. బాల్కనీలో సీసా పెట్టి, అదేంటని ఆయనడిగితే మొక్కల మందని నీళ్లు నమలడం. పని చేసిపెడుతుందని తెచ్చుకుంటే ఇంటికి కొత్తల్లుడొచ్చినట్టయింది. అల్లుడైనా అలిగితే బతిమాలుకోవచ్చు. ఇది ఆ నాచుని ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకునేది.

ఒళ్లు హూనమైపోయింది. బస్సులో నిలబడే కునుకు తీసేది. చేప చచ్చిపోతే ఆయన ఏమైపోతాడోనని భయం. ఆ భయాన్ని చెప్పుకునే దిక్కు కూడా లేదు. అక్కకి చెబితే మళ్లీ అదే పాట.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బ్రష్ పక్కన పడేసి ఉంది.

"చేపల షాపుకి ఫోన్ చేశాను," అన్నాడు.

ఆమె చెప్పులు విప్పుతూ అలాగే ఆగిపోయింది.

"పొట్ట లోపలికి పోతోంది, ఏమైందో కనుక్కుందామని. మీ ఆవిడకి అన్నీ చెప్పానే అన్నాడు. నాచు సంగతి, రాయి సంగతి. నేను తోమేసిందంతా దాని తిండేనట. నేను దాన్ని పస్తులు పెడుతుంటే నువ్వు చూస్తూ ఊరుకున్నావు. ఎందుకు చెప్పలేదు?"

"మీరు లేచారు కదండీ. అది చాలనుకున్నాను. చెబితే మళ్లీ..."

"తప్పు చేసిన మనిషికి తప్పు చేశావని చెబుతారు. రోగికే చెప్పరు." ఆయన ఇటు తిరిగాడు. కళ్లలో నీళ్లున్నాయి. "ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నించీ చూస్తున్నాను. తువ్వాలు మంచంమీద పడేసినా ఏమీ అనవు. రెండు మూడుసార్లు కావాలనే పడేశాను. అయినా ఒక్క మాట లేదు. అయితే నేను పోయినట్టే లెక్క కాబోలు, నాకొక్కడికే తెలీదు కాబోలు అనుకున్నాను."

ఆమె చేతిసంచి కింద పెట్టింది.

"కావాలనే పడేశారా?" అంది.

ఇక మొదలుపెట్టింది. తువ్వాలుతో మొదలై గీకుడుబిళ్లకీ, ఉప్పుబస్తా మోసిన నడుమునొప్పికీ, ఊ అనే మాటకీ, బస్సులో నిలబడి నిద్రపోవడానికీ వెళ్లింది. రాళ్లు అంత తోమేటప్పుడు ఒక్క ముక్క అడగలేరా అంది. నేనేం మనిషిని కాదా, నాకు గుండె లేదా అంది. అంత ముద్దుగా ఉన్న చేపని చంపుకున్నామా ఏమిటి చివరికి అని ఏడ్చింది. ఏడుస్తూ కూడా ఆపలేదు. ఎన్నో నెలల తిట్లు, ఒకదాని వెనక ఒకటి, వరస తప్పకుండా వచ్చాయి. ఆయన కిమ్మనకుండా విన్నాడు. తల దించుకోలేదు, గుండెమీద చెయ్యి పెట్టుకోలేదు.

చివరికి ఊపిరి అందక ఆమె గోడకి చేరగిలబడింది.

ఆయన లేచి, తన కుర్చీ తీసుకెళ్లి ఆమె దగ్గర వేశాడు.

"ఇంకా ఉందా?" అని అడిగాడు.

"ఉంది."

"కూర్చుని చెప్పు," అన్నాడాయన. బాల్కనీలోకి వెళ్లి, పచ్చబడిన రాయి ఉన్న సీసా తెచ్చి, చొక్కా చేతులు మడుచుకున్నాడు. "నేను వింటూనే దీనికి తిండి పెడతాను."