కుడివైపు పిడి

నేను ఒక ఇత్తడి మందు డబ్బాను. పురుగుమందు నింపి వీపుకు తగిలించుకుని, ఎడమచేత్తో పిడి కొడుతూ కుడిచేత్తో గొట్టం తిప్పుతారే, ఆ డబ్బాను. మనుషుల ముఖాలు నాకు అంతగా తెలియవు. వీపులు తెలుసు. ఏ వీపు తొందరలో ఉందో, ఏ వీపు ఆకలితో ఉందో తగలగానే చెప్పేస్తాను.

నాతోటి రేకులు బిందెలై పెళ్లివారి ఇళ్లకు వెళ్లాయి. నన్ను నరసరావుపేట దగ్గర ఒక ఊళ్లో మస్తాన్ అద్దె సామాను కొట్టుకు పంపారు. షామియానాలు, వంట గుండిగల పక్కన నా చోటు. మస్తాన్ జాగ్రత్తపరుడు. నా ప్రతి బోల్టు మీదా ఎర్ర రంగు చుక్క పెట్టాడు. ఎవరైనా విప్పితే రంగు పగిలి దొరికిపోతారు.

నన్ను విప్పే తీరిక ఎవరికి ఉంది కనుక? పొద్దున తీసుకెళ్తారు, సాయంత్రం విసిరేస్తారు. పట్టీ భుజాన్ని కోస్తుంటే తిట్టుకుంటారు గానీ దానికింత గుడ్డ చుట్టరు. పెళ్లాం కాఫీ గ్లాసు తొలవలేదని అరిచే పెద్దమనిషే, నన్ను కడగకుండా కొట్టుకు చేర్చేవాడు. రేపు ఇంకొకడి వీపు కదా!

ఆ రోజుల్లో ఆరోగ్యమ్మ వచ్చింది. అరెకరం కౌలుకు తీసుకుని మిరప వేసింది. భర్త శౌరయ్య దూరాన రాళ్ల క్వారీలో పని. గడ్డివామి మీంచి పడ్డప్పటి నుంచి ఆమె ఎడమ భుజం పైకి లేవదు. నా పిడేమో ఎడమవైపు. ఒక కర్రకు తాడు కట్టి, దాన్ని పిడికి ముడేసి కుడిచేత్తో లాగుతూ కొట్టేది. సాయంత్రం ముడులు విప్పి, మస్తాన్‌కు తెలియకుండా కర్రను చేనుగట్టు మీద దాచేది. మర్నాడు మళ్లీ మొదటినుంచీ కట్టుకోవాలి.

ఒక ఉదయం నాలుగు సాళ్లు కొట్టేసరికి తాడు తెగింది, చేయి చచ్చుబడింది. ఇక చాలనుకుని ఇంటికి వెళ్లింది. నా కడుపులో ఏముందో నాకు తెలుసు. ముందురోజు నన్ను తీసుకెళ్లినవాడు గడ్డిమందు కొట్టి, కడగకుండా తెచ్చిచ్చాడు. చెప్పడానికి నాకు నోరెక్కడిది?

మూడోనాటికి ఆ నాలుగు సాళ్లూ మెలికలు తిరిగిపోయాయి. చేయి బాగుండి ఉంటే చేనంతా పోయేది. మిగతా చేనుకు అప్పుడే తామరపురుగు తగులుకుంది. వారం లోపల మందు పడకపోతే కాపు లేదు. కాపు లేకపోతే కౌలూ లేదు.

ఆరోగ్యమ్మ మెలితిరిగిన మొక్కను వేళ్లతో సహా తెచ్చి మస్తాన్ బల్ల మీద పెట్టింది.

"కడిగి తెమ్మని మైకు పెట్టి చెప్పినా ఎవడు వింటాడు ఆరోగ్యమ్మా?"

"నేను వింటా. డబ్బా నాకు అమ్మెయ్ మస్తానన్నా."

"ఒక్క చేత్తో ఏం చేసుకుంటావమ్మా దాన్ని?"

"రెండు చేతులున్నోళ్లు చేసింది చూశాంగా!"

మస్తాన్ మొక్క వంక చూశాడు. ధర చెప్పాడు. రెండు మేకపోతుల్ని అమ్మి ఆమె నన్ను ఇంటికి తీసుకెళ్లింది.

ముందు చేసిన పని, ఎర్ర చుక్కల్ని గోటితో గీకెయ్యడం. నాకు చక్కిలిగిలి పెట్టినట్టయింది. తర్వాత బట్టల సోడాతో, కుంకుడు రసంతో మూడు రోజులు కడిగింది. అప్పటికీ నమ్మక, నాలో నీళ్లు పోసి తన సొరపాదు మీదే కొట్టి చూసింది. రెండు రోజులు పాదుకు ఏమీ కాలేదు. అప్పుడు వెల్డింగ్ షాపు సుబ్బాచారి దగ్గర కూర్చుని, అడుగున ఉన్న ఇనుప చట్రానికి రెండు కన్నాలు వేయించి, నా పిడిని కుడివైపుకు మార్పించింది.

"ఇట్టా ఎవరూ చెయ్యరమ్మా, వింతగా ఉంటది," అన్నాడతను.

"ఎవరి చేతికి చేస్తున్నావు, ఊరి చేతికా? నా చేతికి చెయ్యి."

పట్టీకి పాత దుప్పటి ముక్క కుట్టింది. మూతికి చీర పేలిక కట్టి మందు వడగట్టింది. గొట్టం ఎడమచేతికి వచ్చింది. దాన్ని నడుము ఎత్తున పట్టుకుంటే చాలు, భుజం లేపక్కర్లేదు. వారం లోపే చేనంతా తిరిగాం. ఆ ఏడు కళ్లంలో ఎర్రగా ఎండిన కాయల పక్కన నన్ను బోర్లించి, నా మీద తల ఆనించి ఆమె కునుకు తీసింది. నన్ను దిండు చేసుకున్న మనిషి ఆమె ఒక్కతే.

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు మందు కొట్టడానికి డ్రోన్ అద్దెకు వస్తోంది. మొన్న ఆరోగ్యమ్మ చేలోకీ వచ్చింది. కరెంటు తీగల కింద నాలుగు సాళ్లు మాత్రం వదిలేసి దిగింది.

"అక్కడికి రాదు మామ్మా," అన్నాడు దాన్ని నడిపే మీసాలాయన.

"వచ్చేట్టు ఏదన్నా మార్చుకోరాదా నాయనా?"

"అమ్మో, విప్పి, సీలు స్టిక్కరు చిరిగితే కంపెనీ ఊరుకోదు. మాకూ ఇది అద్దెదేగా!"

ఆమె నవ్వి, నన్ను చూరు కింద నుంచి తెమ్మంది. అతను నన్ను వీపుకు తగిలించుకుని ఎడమచేత్తో గాలిలో తడుముకున్నాడు.

"పిడేది మామ్మా? ఉల్టా బిగించారే!"

"నీకు ఉల్టా. నాకు సరిగ్గానే ఉందిలే, ఇటివ్వు."

ఒకప్పుడు నేను మాడ్చినవీ నాలుగు సాళ్లే. మళ్లీ ఆమె వీపుకెక్కాను. ఆ వీపు ఇప్పుడు కాస్త వంగింది, ఎముక తగులుతోంది. ఆమె కుడిచేయి మాత్రం పిడి కోసం వెతుక్కోలేదు.