తుడవొద్దన్న బొమ్మ

మొప్ప ఎత్తి చూడకుండా చేప కొన్న పాపాన కుసుమకుమారి మేడమ్ ఎన్నడూ పోలేదు. తెల్లారగానే కూర్మన్నపాలెం రోడ్డు పక్కన ధనలక్ష్మి గంప ముందు గొంతుక్కూర్చుంటుంది. వంజరం మొప్ప వేలితో ఎత్తి ఎరుపు చూస్తుంది, వాసన చూస్తుంది, కన్ను నొక్కి చూస్తుంది. అప్పటికీ నమ్మకం కుదరక పక్క చేపది కూడా ఎత్తుతుంది.

"ఏటి మేడమ్, సేపకి పరీచ్చ పెడతన్నావా? పాసైతేగానీ కూరొండవేటి?" అంటుంది ధనలక్ష్మి.

"నిన్నటిది కాదు కదా?"

"నిన్నటిదైతే నిన్ననే ఒచ్చి ఒద్దనేసుందువు కదా తల్లీ! తీసుకో. అప్పన్న మీద ఒట్టు, పొద్దుటిదే."

సింహాచలం కొండ కనిపించే ఊళ్లో అప్పన్న మీద ఒట్టంటే మాటలా? ఎవరైనా అక్కడితో నోరు మూసుకుంటారు. మేడమ్ కూడా మూసుకునేది. కానీ చేపను సంచిలో వేసుకుంటూ, 'ఒట్టు దాకా వచ్చిందంటే ఏదో ఉందన్నమాట' అని లోపల్లోపల అనుకునేది.

ఆవిడ్ని ఆడిపోసుకోకండి నాయనా. ఈ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకి బయాలజీ చెప్పేవాళ్లని ఎవర్నైనా అడగండి. రికార్డులో బొమ్మలు అక్క గీస్తుంది, సంతకం తమ్ముడు పెడతాడు. కప్ప గుండె అచ్చుగుద్దినట్టు గీసుకొచ్చిన పిల్లాణ్ణి కప్పకి గుండె ఎక్కడుంటుందిరా అంటే తన జేబు తడుముకుంటాడు. ఇలాంటివాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలబడితే ఏ తల్లికైనా చూపు సన్నబడిపోతుంది.

మేడమ్ పనిచేసే కాలేజీ దువ్వాడ స్టేషనుకి కూతవేటు దూరం. పై అంతస్తులో చివరి గది జువాలజీ వాళ్లది. ఆ గదిలో బోర్డు మీద సుద్దముక్కతో ఏం గీసినా దానికి ప్రాణం వస్తుంది. కాలేజీలో లిఫ్టు ఉండదు, క్యాంటీన్లో సాంబారు పలచన, జువాలజీ బోర్డు మీద బొమ్మలు కదులుతాయి. అందరికీ తెలిసిన సంగతులే. ఓ శనివారం అటెండరు కామరాజు అమీబాని తుడవడం మర్చిపోతే సోమవారానికది పక్కనున్న టైంటేబుల్ని సగం మింగేసింది. తనిఖీకి వచ్చిన కమిటీవారు బోర్డు మీద కప్ప గెంతుతుంటే చూసి, బల్లలు సరిపడా ఉన్నాయని రాసుకుని, భోజనం ఎక్కడని అడిగారు.

ఇంకో సంగతి కూడా అందరికీ తెలుసు. మనిషి అవయవాలు గీస్తే ఎవరు గీశారో వాళ్ల ఒంటి తీరే బొమ్మకి వస్తుంది, తుడిచేదాకా. టిఫిన్ తినకుండా వచ్చిన అనిరుధ్ జీర్ణాశయం గీస్తే అది క్లాసంతా వినబడేలా గుర్రుమంది. పరీక్షనాడు గీసిన గుండెలు తప్పెటగుళ్ల డప్పుల్లా మోగుతాయి.

ఆ ఏడు గౌరీశ్వరి అనే పిల్ల చేరింది. తండ్రి సన్యాసిరాజుది ఎస్.కోట వైపు వ్యవసాయ కుటుంబం. ఇప్పుడు పోర్టులో బొగ్గు దగ్గర కాంట్రాక్టు పని. పిల్ల మాట్లాడేది తక్కువ. రికార్డులో బొమ్మలు మాత్రం దేవుడి పటాల్లా ఉండేవి, ఒక్క గీత వణకదు. మేడమ్‌కి అదే మింగుడుపడలేదు. ఇంత బాగా గీసిందంటే ఈమె గీసుండదు!

నిజం తేలేది బోర్డు మీదే కదా. మొండెం గీసి లోపలి అవయవాలు చూపించే పాఠం వచ్చినప్పుడు మేడమ్ తన అలవాటు ప్రకారం మొదలుపెట్టింది.

"గుళ్లో స్వామికి ఎదురుగా నిలబడతారు. స్వామి కుడిచెయ్యి మీకు ఏ వైపు కనిపిస్తుంది?"

"ఎడం వైపు మేడమ్!"

"బొమ్మలో మనిషీ అంతే. మనకెదురుగా నిలబడ్డాడు. ఆయన కుడి మనకెడమ. తికమకగా ఉంటే బోర్డుకి వీపు పెట్టి నిలబడి మీ ఒంటి మీద చెయ్యి పెట్టి చూసుకోండి. ఏటా సగం మంది ఇక్కడే బోల్తా కొడతారు. గౌరీశ్వరీ, నువ్వు రా."

పిల్ల వచ్చింది. మేడమ్ తన బ్యాగులోంచి కొత్త సుద్దముక్క తీసి ఇచ్చింది. పిల్ల తెచ్చుకున్న సుద్దలో ఏముంటుందో ఎవరికి తెలుసు?

గౌరీశ్వరి గీస్తోంది. మొండెం, ఊపిరితిత్తులు, గుండె, కాలేయం, పొట్ట, పేగులు, చివర్న చిన్న తోకలాంటి అపెండిక్స్. ఇంతలో వెనక బెంచీలో గుసగుస. మేడమ్ గిర్రున అటు తిరిగింది.

"అనిరుధ్, ఏంటది? దానికి అందిస్తున్నావా?"

"లేదు మేడమ్! బాగా గీస్తోందని అంటున్నానంతే."

"నువ్వు మెచ్చుకుంటున్నావంటే మరీ అనుమానం."

మళ్లీ బోర్డు వైపు తిరిగేసరికి బొమ్మంతా తారుమారుగా ఉంది. గుండె మొన అటుండాల్సింది ఇటుంది. కాలేయం ఇటుండాల్సింది అటుంది. అపెండిక్స్ కూడా అవతలి పక్కకి పోయి వేలాడుతోంది. గుండె మాత్రం హాయిగా కొట్టుకుంటోంది.

"ఇదీ నీ అసలు రంగు! చెప్పి నోరు మూసేలోపు కుడి ఎడమా తెలియలేదు. మరి రికార్డు ఎవరు గీశారు?"

"నానే గీసినాను మేడమ్. ఇది కూడా సరిగ్గానే గీసినాను."

"అవును మేడమ్," అంది ముందు బెంచీలోంచి నాగశ్రీ. "గీసినప్పుడు బాగానే ఉంది. చెయ్యి తీయగానే నిద్రలో ఒత్తిగిల్లినట్టు అటు తిరిగింది."

"అందరూ కూడబలుక్కున్నారన్నమాట! బొమ్మలు కదుల్తాయి, నాకూ తెలుసు. పుస్తకానికి వ్యతిరేకంగా కదలవు."

అప్పుడే ఆవిడ చూపు ఇంకోచోట పడింది. పిల్ల చున్నీ కింద నుంచి చేత్తో కడుపు పట్టుకుని ఉంది.

"నడుం దగ్గర ఏం దాస్తున్నావ్? చూపించు."

"ఏటీ నేదు మేడమ్. పొద్దున్నించీ కొంచెం నొప్పి."

"నొప్పి కూడా వచ్చేసిందా! రేపు మీ నాన్నని తీసుకునిరా. కామరాజూ, ఈ బొమ్మ తుడవొద్దు. సాక్ష్యం ఉండాలి."

కామరాజు డస్టరు పట్టుకుని గుమ్మంలో నసిగాడు. "రాత్రల్లా ఉంచేత్తే ఎటు పాకుతాదో మేడమ్."

"ఎటూ పాకదు. తుడిచావంటే నువ్వూ వాళ్లలో కలిసిపోయినట్టే లెక్క."

మర్నాడు సన్యాసిరాజు వచ్చాడు, ఒక్కడే. బొగ్గుమసి అంటిన హెల్మెట్ చంకలో పెట్టుకుని, చెప్పులు గది బయటే విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మాయేది?"

"నేవలేకపోతంది మేడమ్. రాత్రల్లా కడుపునొప్పి. సందు సివర క్లినిక్కుకి అట్టుకెల్లినాను. కుడేపు నొక్కి సూసి, ఇక్కడ నొప్పి నేదు కాబట్టి గ్యాసేనని ఇంజీషనిచ్చినారు. మీరు రమ్మన్నారంట, రాకపోతే దానికి మార్కులు పోతాయని నాను ఒచ్చీసినాను. ఏటి తప్పు సేసిందమ్మా మా గుంట?"

నిన్న తండ్రిని తెమ్మంటే ఇవాళ కడుపునొప్పి. మేడమ్ ఇలాంటి కడుపునొప్పులు చాలా చూసింది. పరీక్ష ముందు పుట్టి, అటెండెన్సు పడగానే పోతాయి. దొంగని పట్టే ప్రశ్న ఒకటి ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మామూలుగా అడుగుతున్నట్టు అడిగింది.

"నొప్పి ఏ పక్కన?"

ఫోనులో చూసి వచ్చే పిల్లలంతా కుడిపక్క అంటారు. అపెండిక్స్ కుడిపక్క అని చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

"ఎడం పక్కనమ్మా. నిన్న బొడ్డు సుట్టూ అంది. ఇప్పుడు కిందకి దిగిపోనాది. ఎడం కాలు సాపలేకపోతంది."

అబద్ధమైతే పుస్తకంలో ఉన్నట్టుండాలి. ఇది అలా లేదు. అయినా ఆవిడ మనసు ఊరుకుందా? 'ఈయన మరీ తెలివైనవాడేమో' అనుకుంది. "రండి, మీ అమ్మాయి నిర్వాకం చూద్దురుగాని" అంటూ చివరి గదికి తీసుకెళ్లింది.

గదిలో కామరాజు ఒక్కడే ఉన్నాడు. బోర్డు వంక చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"పొద్దున్న తలుపు తీసినకాడ్నించీ ఇలాగే ఉంది మేడమ్. దడదడలాడతంది. నాను ముట్టుకోనేదు."

నిన్న హాయిగా కొట్టుకున్న గుండె ఇప్పుడు పట్టాల మీద గూడ్సు బండిలా పరుగెడుతోంది. పేగుల చివర నిన్నటి సన్న తోక చిక్కుడుకాయంత లావై ఉబ్బిపోయి ఉంది. దాని చుట్టూ సుద్దగీత చెమట పట్టినట్టు తడితడిగా మెరుస్తోంది.

సన్యాసిరాజుకి ఆ బొమ్మలో ఏది ఏమిటో తెలీదు. కూతురి చేతి గీత మాత్రం తెలుసు. బోర్డు దగ్గరికి వెళ్లి, బొమ్మకి తగలకుండా వీపు పెట్టి మేడమ్ వైపు తిరిగి నిలబడ్డాడు. పొట్ట కింద ఎడంపక్కన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇదిగో, ఇక్కడమ్మా. ఇక్కడే అట్టుకుని ఏడుస్తంది."

ఆయన పక్కకి తప్పుకోగానే, సరిగ్గా ఆ చెయ్యున్న చోటే, బొమ్మలో ఉబ్బిన తోక ఉంది.

ఎన్ని బ్యాచీలకి చెప్పిందో ఆ మాట! తికమకగా ఉంటే బోర్డుకి వీపు పెట్టి నిలబడండి, మీ ఒంటి మీద చెయ్యి పెట్టి చూసుకోండి. మొప్ప ఎత్తనిదే చేపని నమ్మని మనిషి, ఎదురుగా కొట్టుకుంటున్న గుండెని వదిలేసి పుస్తకాన్ని నమ్మింది.

"సన్యాసిరాజు గారూ," అంది. "మీ పిల్లకి ఛాతీ ఎక్స్‌రే ఎప్పుడైనా తీశారా?"

"నేదమ్మా. దానికి జొరం కూడా ఎప్పుడూ రానేదు."

"పదండి. ముందు ఆటో పిలవండి, ఇంటి దగ్గర పిల్లని ఎక్కించుకుని ఆసుపత్రికి పోదాం. కామరాజూ, నువ్వు గుమ్మంలోనే కాపలా ఉండు. ఎవర్నీ లోపలికి రానీకు. ఆ బొమ్మ మీద ఈగ కూడా వాలకూడదు!"

గాజువాక ఆసుపత్రిలో సర్జను కుర్రవాడే. గౌరీశ్వరిని స్ట్రెచర్ మీద తెచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది. ఆయన కుడిపక్క నొక్కాడు, పిల్ల ఊరుకుంది. ఎడమపక్క చెయ్యి వేయబోతేనే కెవ్వుమంది.

"ఎడమవైపంటే ఇంకేదో అయ్యుంటుంది. రాత్రికి చూద్దాం," అన్నాడు.

"రాత్రి దాకా ఆగదండి. అది అపెండిక్సే. వేలల్లో ఒకరికి ఉన్నట్టు, పిల్లకి లోపలన్నీ అటుది ఇటు ఉన్నాయి. నమ్మకపోతే గుండె వినండి."

"మీరు డాక్టరా?"

"జువాలజీ లెక్చరర్ని."

సర్జను ఆవిడ వైపు అనుమానంగా చూశాడు. ఆ చూపు ఎలా ఉంటుందో మేడమ్‌కి తెలుసు. అది తన చూపే. అటువైపు నుంచి చూడడం మాత్రం అదే మొదలు.

ఆయన స్టెతస్కోపు ఎడమవైపు పెట్టాడు. చెవుల్లో సర్దుకుని మళ్లీ పెట్టాడు. తర్వాత నెమ్మదిగా కుడివైపుకి జరిపి అక్కడే ఆగిపోయాడు.

"మీకెలా తెలిసింది?"

"మా బోర్డు మీద కనబడింది."

"ఓహో," అన్నాడాయన, అప్పటికే నర్సు వైపు తిరిగి. "స్కానింగ్ వెంటనే. థియేటర్ రెడీ చెయ్యమను. పగిలేలా ఉంది."

థియేటర్ బయట బెంచీ మీద సన్యాసిరాజు ఒక చివర, మేడమ్ ఒక చివర కూర్చున్నారు. ఆయన పెదాలు కదులుతున్నాయి, అప్పన్న పేరే. మేడమ్ కూడా చేతులు జోడించింది. చూడండి, సింహాచలేశుడు ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూపం చూపించేది ఒక్కరోజు. మిగతా రోజులన్నీ ఆ పూతకే దండం పెట్టుకుని వచ్చినా స్వామి ఏమీ అనుకోడు, దేవుడు కనక. పిల్లలు దేవుళ్లు కారు. వాళ్లకి పూతకింద నొప్పి ఉంటుంది.

"నిన్న ఆ బొమ్మని తుడిచీమని మీరు అటెండరుకి చెప్పుంటే ఏటయ్యేదమ్మా?" అన్నాడు సన్యాసిరాజు ఉన్నట్టుండి. నిష్ఠూరంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"నేను తుడవొద్దన్నది మంచికి కాదు," అంది మేడమ్. "మీ పిల్ల దొంగ అని మీకు చూపిద్దామని."

ఆయన జరిగి ఆవిడకి ఫ్యాను గాలి తగిలేలా చోటిచ్చాడు.

థియేటర్ తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఇంతలో మేడమ్ ఫోన్ మోగింది. కామరాజు.

"మేడమ్! ఆ తోక... రాలిపోనాది మేడమ్!"

"తుడిచేశావా?" ఆవిడ లేచి నిలబడిపోయింది. క్లాసులో ఇన్నేళ్లూ జాగ్రత్తగా దాచుకున్న యాస నాలుక మీదికి తన్నుకొచ్చింది. "ఏటి సేసినావు సెప్పు కామరాజూ! డస్టరు తగిలిందా? గాలికేటైనా..."

"అప్పన్న మీద ఒట్టు మేడమ్, నాను గుమ్మం దాటి లోపలికి ఎల్లనేదు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. నాను సూత్తండగానే అదే ఊడి, పొడుంపొడుమై బోర్డు కింద పడిపోనాది."

"మరి గుండె?"

అవతల కామరాజు నడిచిన చప్పుడు, బోర్డు దగ్గరికంటా వెళ్లినట్టుంది. దువ్వాడలో ఏదో రైలు కూత వేసింది.

"కొట్టుకుంటంది మేడమ్. నెమ్మదిగా. నిన్న మాపటేల కొట్టుకున్నట్టే."

"ఏ పక్కని?"

"అటేపే మేడమ్. దాని సొంత పక్కనే."

ఒట్టేసి చెప్పిన మాట. దాని వెనకే మేడమ్‌కి ఇంకో ప్రశ్న పుట్టాలి, ఎప్పుడూ పుట్టేది; ఈసారి పుట్టలేదు. సన్యాసిరాజు ఆవిడ మొహం వంక చూస్తూ లేచి నిలబడ్డాడు. థియేటర్ తలుపు ఇంకా తెరుచుకోలేదు. సర్జను ఇంకా బయటికి రాలేదు.

"కూకోండి సన్యాసిరాజు గారూ," అంది కుసుమకుమారి మేడమ్, కళ్లు ఒత్తుకుంటూ. "పిల్ల బాగుంది."