నాలుగోనాటి స్నానం

పర్చూరులో మడికీ మైలకూ సంబంధించిన సందేహం ఏది వచ్చినా శేషాచలం పంతులు దగ్గరికే రావాలి. బయటచేరిన ఆడది ఎప్పుడు తలకు పోసుకుని లోపలికి రావచ్చు, పొరపాటున పసిపిల్లవాడు ముట్టుకుంటే ఏం చెయ్యాలి, ఏ గిన్నె కడిగితే సరిపోతుంది, ఏది తోమాలి, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఆడవాళ్ళే గుమ్మం అవతల నిలబడి అడిగి, ఆయన చెప్పినట్టు చేసేవాళ్ళు. ఇన్నేళ్ళుగా ఆ సంగతి మీద తీర్పులిస్తున్న మనిషికి అసలా సంగతేమిటో తెలియదని ఎవరికీ అనుమానం రాలేదు. ఆయనకు అసలే రాలేదు.

ఆ ఏడు మిరప కోతల రోజుల్లో ఆయన భార్య కామేశ్వరి గడప దాటాలంటే ద్వారబంధం పట్టుకోవడం మొదలుపెట్టింది. కల్లాల్లో ఎండబోసిన కాయల ఘాటు పడక అనుకున్నాడు శేషాచలం. విభూతి పెట్టి, పొద్దున పారాయణం కాస్త పెంచాడు. ఓ రోజు ఆవిడ బిందెతో సహా నూతి గట్టు దగ్గర కూలబడిపోయింది. పక్కింటి కోటేశ్వరమ్మ పరుగున వచ్చి లేవదీసింది.

"ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు పంతులుగారూ. పారాయణం తరవాత చేద్దురుగాని, ముందు ఒంగోలు తీసుకెళ్ళండి. నాకూ ఇలాగే అయితే గర్భసంచి తీయించేసుకున్నా. పీడా పోయింది."

పీడా పోవడమన్న మాట శేషాచలానికి నచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాన్నే నెమరు వేశాడు. సంచి తీసేస్తే కామేశ్వరి ఇక బయట చేరదు. దేవుడి గదిలో అమ్మవారి నైవేద్యానికి అంతరాయం ఉండదు. అన్నిటికీ మించి, ఆవిడ వసారాలో కూర్చున్న రోజుల్లో తను మడి కట్టుకుని పులుసు కాయనక్కర్లేదు. ఆ పులుసు అమ్మవారు కాబట్టి భరించింది. చీరాల దాటేసరికి ఆపరేషనుకు గురువారం ముహూర్తం కూడా పెట్టేశాడు.

డాక్టరు జహీరున్నీసా తెర చాటున కామేశ్వరిని పరీక్ష చేసి వచ్చి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"నెలనెలా ఎన్నాళ్ళుంటుందమ్మా?"

శేషాచలం గొంతు సవరించుకున్నాడు. "మూడు రోజులండి. నాలుగోనాడు స్నానం. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు."

"అయ్యేది మీకా పంతులుగారూ?"

కామేశ్వరి కొంగు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా అంది. "స్నానం నాలుగోనాడే చేస్తానండి. అది మాత్రం ఆగదు. పది రోజుల పైనే పోతుంది, గడ్డలు గడ్డలుగా. రెండేళ్ళయింది."

"మరి లోపలికెలా వచ్చావే?" అనేశాడు శేషాచలం.

"నాలుగోనాడు రావచ్చని మీరేగా అందరికీ చెబుతారు. ఆగిందా అని మీరడగలేదు. నేనే చెబితే మళ్ళీ వసారాలో పడుండాలి, మీ పులుసు తినాలి."

రెండేళ్ళు. రథసప్తమి పరమాన్నం, శ్రావణ శుక్రవారాల పూర్ణాలు, ఊరందరూ కళ్ళకద్దుకుని తిన్న పులిహోర, ఒక్కొక్కటే శేషాచలం కళ్ళముందు వచ్చి నిలబడ్డాయి. అమ్మవారు అన్నీ ఆరగించింది, ఒక్కనాడూ కోపగించుకోలేదు. ఇల్లాలి ఒంట్లో నెత్తురంతా పోతుంటే కనిపెట్టలేనివాడు, దేవి మనసులో మాట తనకు తెలుసని ఇన్నాళ్ళూ ఎలా చెప్పాడో?

డాక్టరు కామేశ్వరి వైపే తిరిగి చెప్పింది. "గర్భసంచి గోడలో నిమ్మకాయంత గడ్డ ఉందమ్మా. ఇలాంటివి చాలామందికి ఉంటాయి, దాదాపు అన్నీ ప్రమాదం లేనివే. అయినా లోపలి పొర చూడకుండా మాటివ్వను. కాస్త మత్తిచ్చి, ఆ పొరను కొద్దిగా గీకి పరీక్షకు పంపుతాను. కోతా కుట్లూ ఉండవు. రక్తం బాగా తగ్గింది, దానికి మందులు రాస్తాను."

"ఏకంగా సంచే తీసెయ్యకూడదాండీ? గురువారం చాలా బాగుంది," అన్నాడు శేషాచలం.

"ఎవరికి బాగుంది?"

డాక్టరే మళ్ళీ అందుకుంది. "పక్కింటావిడకు అవసరమై తీసుంటారు. ఈవిడకు ఆ అవసరం ఉందో లేదో ఇంకా తెలీదు. ముట్లుడిగాక ఇలాంటి గడ్డలు చాలావరకు వాటంతటవే కుంచించుకుపోతాయి. మందులకు లొంగకపోతే అప్పుడు చూద్దాం. అయినా సంచి మీది కాదు, ఆవిణ్ణి అడగండి."

ఆయన అడిగేలోపే కామేశ్వరి చెప్పింది. "తప్పదంటే తీయించుకుంటాను డాక్టరమ్మా. ఆయనకు వంట రాదని మాత్రం తీయించుకోను."

పక్కనున్న నర్సు మొహం తిప్పుకుని నవ్వింది. శేషాచలం గోడమీది కాలెండరులో గురువారాన్ని చూస్తూ కూర్చున్నాడు.

ఆ గీకే పని అయ్యాక, నాలుగు రోజులు మరకలు కనిపిస్తాయని, పడుకోవాలని, ఆకుకూరలు, బెల్లం బాగా తినాలని చెప్పి పంపారు. ఇంటికి రాగానే కామేశ్వరి అలవాటుగా వసారాలో చాప పరిచింది. శేషాచలం ఆలోచనలో పడ్డాడు. డాక్టరు చేతిమీదుగా వచ్చిన రక్తానికి మైల ఉందా, లేదా? చదివినవన్నీ తిరగేసుకున్నా తగలలేదు. ఊళ్ళోవాళ్ళకైతే తనున్నాడు. తనకెవరూ లేరు. చివరికి చాప చుట్టి అవతల పెట్టి, నడిమింట్లో మంచం వాల్చాడు.

"దేవుడి గది పక్కనేనండీ," అంది ఆవిడ.

"రెండేళ్ళు నీ చేతి వంట తిన్నావిడకి నీ పక్క గదిలో ఉండటం కష్టమా? పడుకో."

వారం పోయాక పరీక్షలో చెడ్డదేమీ లేదని తేలింది. మందులకు కామేశ్వరి నెమ్మదిగా తేరుకుంటోంది. అయితే ఇప్పుడు ఆగిందో లేదో నిజం చెబుతుంది. తగ్గేదాకా మంచం దిగొద్దని చెప్పినవాడూ శేషాచలమే కాబట్టి, వంట తప్పించుకుందామని ఒంగోలు వెళ్ళినవాడికి వంట రోజులు రెట్టింపయ్యాయి.

ఆ నెల ఆయన తోటకూర పులుసు కాచి, అమ్మవారికి నివేదించి, కంచం తెచ్చి భార్య చేతికే ఇచ్చాడు. అమ్మవారు ఎప్పటిలాగే ఏమీ అనలేదు. కామేశ్వరి ఒక ముద్ద తిని, "ఉప్పు వేశారా?" అంది.

"వేసినట్టే గుర్తు."

"రేపు నన్నడిగి వెయ్యండి," అని, ఆవిడ రెండో ముద్ద కలుపుకుంది.