చిన్నకోడలు

అత్తగారిని కడగాల్సి వస్తుందని కోడలు ఆవిడ చేతికో వంకర కర్ర ఇచ్చి బాత్రూములోకి తోలేస్తోందని పక్కింటావిడ అందట. అన్నది పైవాటా వాళ్ళతో, మోసుకొచ్చింది మెట్లు తుడిచే ఆవిడ. "ఊరందరికీ పరికరాలు చేసి పెడుతుందంట, ఇంట్లో పెద్దామెకి నాలుగు మగ్గుల నీళ్ళు పొయ్యడానికి మాత్రం చేతులు రావంట. నేనన్లేదమ్మా, ఆవిడే అంది" అని బకెట్ ఎత్తుకుని పోయింది.

కోడలు బాల్కనీలోకి వెళ్ళి, దండేనికి ఆరేసిన కర్రని గబగబా తీసి తువ్వాలులో చుట్టింది, దొంగసొత్తులాగా.

ఆమె ఉద్యోగమే అది. పక్షవాతం వచ్చినవాళ్ళు తమ పని తాము చేసుకునేలా వస్తువులు గీసి, చేసి, వాడించి చూడడం. అరచేతికి పట్టీతో బిగించే లావుపిడి చెంచాకి మంచి పేరొచ్చింది. ఈ కర్రకి పేరే లేదు. కొడవలిలా వంగిన పిడి, చివర మెత్తటి రబ్బరు తల. తడిబట్టని పట్టుకుంటుంది, మీట నొక్కితే వదిలేస్తుంది. మీటింగులో బల్ల మీద పెట్టిన రోజున పై అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "దీన్ని ఫొటో తీసి ఎవరికి చూపిస్తామమ్మా? చెంచా సంగతి చూడు" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళతోపాటు తనూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు కాలిపోతాయి.

అత్తగారికి కుడిపక్క పడిపోయాక పద్నాలుగు నెలలు, దొడ్డికెళ్ళిన ప్రతిసారీ కడిగింది తనే. "మగాణ్ణి, నాకెలా కుదురుతుంది? పైగా నీ చదువే అది కదా" అని భర్త చేతులు దులుపుకున్నాడు. కడుగుతున్నంతసేపూ అత్తగారు గోడకేసి మొహం తిప్పుకునేది. కోడలు తుడిచిన గచ్చుకీ, మడిచిన దుప్పటికీ వంకలు పెట్టిన నోరు అప్పుడు బిగుసుకుపోయేది. ఆ మొహం చూడలేకే కర్ర పుట్టింది. ఎడమచెయ్యి బాగానే ఉన్నా ఒళ్ళు వంచితే తూలిపోయే మనిషి, దాంతో మొదటిసారి వంగే పని లేకుండా తన పని తాను చేసుకుని, తలుపు తీసుకుని బయటికొచ్చి నవ్వింది. "నీకంటే... ఇదే నయమే. ఎదురు... చెప్పదు. ఇది నా... చిన్నకోడలు" అంది, ఒక్కో మాటా కూడదీసుకుంటూ.

ఇవాళ ఆఫీసు నుంచి కెమెరాతో వస్తున్నారు, అత్తగారు చెంచాతో తినడం తీయడానికి. "ఆ దరిద్రం వాళ్ళ కంటపడితే అమ్మ పరువు పోతుంది" అన్నాడు భర్త, అద్దంలో కాలరు సర్దుకుంటూ. ఎవరి పరువని అడగబోయి ఊరుకుంది. తువ్వాలు మూటని బీరువాలో దుప్పట్ల కిందికి తోసి తాళం వేసింది. కాసేపటికి బాత్రూములోంచి అత్తగారు పిలిచింది. కర్ర ఇవ్వలేదు, తనే వెళ్ళి కడిగింది. అత్తగారు మళ్ళీ గోడకేసి తిరిగింది.

కెమెరా ముందు అత్తగారు నాలుగు చెంచాలు తిని చూపించింది. "అదృష్టవంతులమ్మా. ఇలాంటి కోడలు ఎంతమందికి దొరుకుతుంది" అన్నాడు పై అధికారి.

అత్తగారు కోడలివైపు తిరిగింది. "చిన్నకోడల్ని... ఎక్కడ దాచావే?"

"ఇంకో కోడలు కూడా ఉన్నారా?" అని అడిగాడు పై అధికారి.

"లేదండీ," భర్త గొంతు తగ్గించాడు, "అమ్మకి ఈమధ్య మతి సరిగా ఉండటం లేదు."

అత్తగారు మొహం గోడకేసి తిప్పుకుంది, పొద్దున తిప్పుకున్నట్టే. కోడలు తాళంచెవి తీసుకుంది. తల వంచుకునే లేచింది. బీరువా తీసి, మూట విప్పి, కర్రని తెచ్చి బల్ల మీద చెంచా పక్కనే పెట్టింది.

కెమెరా పట్టుకున్నతను దిక్కులు చూశాడు. పై అధికారి నవ్వబోయి మానేశాడు. "ఇప్పుడిదెందుకమ్మా, తినే చోట?"

జవాబు కోడలు చెప్పలేదు, అత్తగారు చెప్పింది, తడబడకుండా.

"తిన్నది ఎటు పోతుంది నాయనా?"